ఇసుక వెంట సముద్రం దాకా

మొదటి రోజు: విజయవాడ, ఘంటసాల

కృష్ణా తీరం కథ విజయవాడలోనే మొదలవుతుంది. హంసలదీవిలో కాలి కింద కరకరలాడే ఇసుక, మంగినపూడిలో పాదాలకు అంటుకునే నల్ల ఒండ్రు, రెండూ నది మోసుకొచ్చినవే. మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచే కృష్ణమ్మ సముద్రానికి ఇప్పుడు ఏమి ఇస్తోంది, ఇచ్చినదాన్ని కెరటాలు ఎటు తీసుకుపోతున్నాయి, మనం కట్టిన గోడలు దాన్ని ఎక్కడ ఆపుతున్నాయి అన్నది ఊరూరా ఆగి చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. నేను పిల్లలకు భూగోళం చెబుతాను. తీరం పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఏ పరాయి దేశం ఒడ్డు బొమ్మో చూపించాల్సి వస్తుంది. రెండు గంటల ప్రయాణంలో అంతకన్నా మంచి పాఠం ఉండగా అలా చూపించడం నాకు నచ్చదు.

తోడుగా బాబాయి వచ్చారు. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. డెల్టాలో ఏ కాలువ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ లాకు ఎప్పుడు పాడైందో ఆయనకు నోటికి వచ్చు. సంక్రాంతి వెళ్లాక, మాఘ పౌర్ణమి రద్దీ ఇంకా మొదలు కాకముందు బయలుదేరాం. సీతానగరం వైపు కారు ఆపి, ప్రకాశం బ్యారేజీ మీదికి నడుచుకుంటూ వచ్చాం.

ఇక్కడ మొదట కట్టింది ఆనకట్ట. 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. దాదాపు వందేళ్లు డెల్టాకు అన్నం పెట్టాక 1952లో దానికి గండి పడింది. ఆ తరువాత 1957 నాటికి ఈ బ్యారేజీ లేచింది. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. 2024 సెప్టెంబరులో దీని మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అంతకు ముందు 2009లో వచ్చిన వరదను జీవితంలో చూసిన పెద్ద వరదగా చెప్పుకునే బాబాయి, 2024 వరద రాత్రి కృష్ణలంక రిటైనింగ్ వాల్ వైపు చూస్తూ నిద్రపోలేదట. కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని గేట్లను ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్న చోటును వేలితో చూపించారు.

"అంత వరద పోయింది కదా బాబాయ్, సముద్రానికి బోలెడంత ఇసుక చేరి ఉండాలి" అన్నాను.

"నీళ్లు దాటాయమ్మా. సరుకు పైనే ఉంది" అన్నారు.

ఆ మాటకు లెక్క ఉంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు చెప్పుకునేది 215 టీఎంసీలు. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు తగ్గింది. నీటికి ఉండవలసిన చోటును పూడిక ఆక్రమించింది. ఒక్క శ్రీశైలంలోనే అది సుమారు 92 టీఎంసీలు, అంటే 260 కోట్ల ఘనపు మీటర్లు. వార్తల్లో ఈ అంకెలు వచ్చినప్పుడు సాగునీరు ఎంత తగ్గిందని బాధపడతాం. తీరం వైపు నుంచి చూస్తే అది సముద్రపు ఒడ్డుకు చేరకుండా ఆగిపోయిన మట్టి, ఇసుక. ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు గోదావరి, కృష్ణా డెల్టాల తీరాన్ని పాత పటాలు, ఉపగ్రహ చిత్రాలతో పోల్చి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. కృష్ణ నీటిలో తేలుతూ వచ్చే ఒండ్రు 1966-69 నాటికి 90 లక్షల టన్నులుంటే, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయిందని అందులో ఉంది. 1965 నుంచి 2008 వరకు రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో మేట వేసినది పోను కోతకు గురైన నేల 76 చదరపు కిలోమీటర్లు. ఈ అంకెను ఏటా తరగతిలో చెబుతాను. బ్యారేజీ మీద నిలబడి, గేట్ల కింద తేటగా జారుతున్న నీటిని చూస్తూ తలచుకున్నప్పుడు దాని బరువు వేరుగా తెలిసింది.

కరకట్ట మీదుగా కిందికి దిగాం. ఏటిలో పచ్చని లంకలు, అరటి, కంద తోటలు. దారి పొడవునా ఇసుక లారీలు ఎదురయ్యాయి. ఇసుక రీచ్‌ల నుంచి అవి ఊళ్లలోకి వెళుతున్నాయి. ఇల్లు కట్టుకునే ప్రతివారికీ ఇసుక కావాలి, ఆ అవసరాన్ని కాదనను. అయితే పైనుంచి కొత్త ఇసుక రావడం ఆగిపోయిన నదిలో ఉన్నదాన్ని ఎత్తుకుంటూ పోతే, చివరన తీరానికి మిగిలేది ఏమీ ఉండదు.

మధ్యాహ్నానికి ఘంటసాల చేరాం. పొలాల మధ్య బౌద్ధ స్తూపం, చిన్న పురావస్తు ప్రదర్శనశాల, పక్కన మినుము చేలు. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన కంటకస్సిల రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. రోము దాకా సరుకు వెళ్లిన రేవు ఈనాడు సముద్రానికి దూరంగా, లోపల ఉంది. నది తెచ్చిన ఒండ్రు రెండు వేల ఏళ్లలో తీరాన్ని అంత ముందుకు నెట్టింది. బాబాయి చేను గట్టు మీద కూర్చుని, "ఇంత నేలను కట్టిన నది ఒక్క మనిషి జీవితకాలంలో ఆగిపోయింది" అన్నారు. రాత్రికి బందరు (మచిలీపట్నం). బందరు లడ్డూ తినకుండా ఆ ఊళ్లో పడుకోవడం మా ఇంటా వంటా లేదు.

రెండో రోజు: గిలకలదిండి, మంగినపూడి

తెల్లవారేసరికి గిలకలదిండి చేపల రేవులో ఉన్నాం. బోట్లు వరుసగా కట్టేసి ఉన్నాయి. ఐసు పెట్టెలు ఎక్కించడం అయిపోయింది, డీజిలు పోయడం అయిపోయింది, కళాసీలు టీ తాగుతున్నారు, ఎవరూ బయలుదేరడం లేదు. బోటు నడిపే సరంగును ఒకణ్ని అడిగాను.

"పోటు రావాలమ్మా. మొగ దగ్గర మేట ఉంది. పాటు మీద వెళితే బోటు అడుగు నేలకు తగిలి కూర్చుండిపోతుంది. ఒకసారి కూర్చుంటే కెరటం పక్కనుంచి కొట్టి తిరగేస్తుంది" అన్నాడు. పోటు అంటే సముద్రం పైకెక్కే వేళ, పాటు అంటే దిగే వేళ.

తీరం వెంబడి ఏ రేవుకు వెళ్లినా ఇదే బాధ. మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, పూడటానికి కారణం సముద్రం, నది కలిసి ఆడే ఆట. కెరటాలు ఒడ్డుకు నేరుగా రావు, ఒక పక్కగా వాలి వస్తాయి. వాలుగా పైకెక్కిన నీరు ఇసుకను ఏటవాలుగా తీసుకువస్తుంది, వెనక్కి మాత్రం వాలు వెంట నేరుగా జారుతుంది. ప్రతి కెరటానికీ ఒక్కో రేణువు ఇలా రంపపు పళ్ల గీతలో పక్కకు జరుగుతుంది. ఒక్క రేణువుకు అది మూరెడు దూరం. రోజుకు వేల కెరటాలు, ఏడాది పొడవునా కొడితే తీరం మొత్తం కదిలే ఇసుక నదిగా మారుతుంది. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల నెలల్లో ఈ ఇసుక ఉత్తరం వైపు, ఈశాన్య గాలుల నెలల్లో దక్షిణం వైపు సాగుతుంది. మొదటిది ఎక్కువ కాలం, ఎక్కువ బలంతో నడుస్తుంది కాబట్టి ఏడాది లెక్క తేలేసరికి ఇసుక ఉత్తరానికే పోయినట్టు తేలుతుంది.

అలా సాగే ఇసుక దారిలో ఏటి మొగ ఎదురైతే అందులో పడి మేట వేస్తుంది. పాటు సమయంలో ఏటి నీరు వేగంగా బయటికి వెళుతూ ఆ మేటను కడిగేయాలి. ఏటిలో మంచినీటి ప్రవాహం తగ్గితే ఆ కడిగే శక్తి తగ్గిపోతుంది. అందుకే మొగకు అటూ ఇటూ రాళ్లతో గట్లు పోసి, దారిని ఇరుకు చేసి, నీటి వేగం పెంచుతారు. ఇవి నది గట్లే అయినా సముద్రంలోకి పొడుచుకు వెళ్లిన క్షణం నుంచి ఇసుక దారికి అడ్డుగోడలు. అడ్డు ఎంత పొడవైతే దక్షిణపు పక్క అంత మేట, ఉత్తరపు పక్క అంత కోత.

దీనికి మనవాళ్లకు బాగా తెలిసిన సాక్ష్యం చెన్నై మెరీనా. 1870లలో మద్రాసు హార్బరు గోడలు సముద్రంలోకి కట్టడం మొదలుపెట్టాక దక్షిణం నుంచి వచ్చే ఇసుక వాటికి ఆని నిలిచిపోయి ఆ విశాలమైన ఒడ్డుగా పెరిగింది. అక్కడ సాయంత్రం షికారు చేసేవారికి ఆ ఇసుక ఎవరి వాటా అన్నది గుర్తు రాదు. హార్బరుకు ఉత్తరాన రాయపురం వైపు వెళితే గోడకు అవతల ఒడ్డే లేదు, రాళ్ల గుట్టలు ఉన్నాయి. విశాఖలో 1933లో తెరిచిన రేవుకు ఇసుక పూడిక నుంచి రక్షణగా రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి అడ్డుగా వాడుకున్నారు. 1970లలో అవుటర్ హార్బరు కోసం పెద్ద బ్రేక్‌వాటర్లు (అలలను ఆపే రాళ్ల గోడలు) కట్టాక ఆర్కే బీచ్‌కు ఇసుక అందడం తగ్గింది. అప్పటినుంచి దక్షిణాన చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి బీచ్‌కు పోస్తూ ఉండాల్సి వస్తోంది. పోయడం ఆలస్యమైన ఏడాది అలలు రోడ్డు గోడను తాకడం విశాఖవాసులు అందరూ చూశారు.

బందరుకు ఈ లెక్కలు ఇప్పుడు చాలా అవసరం. ఇక్కడి సముద్రం లోతు తక్కువ. డచ్చి, ఇంగ్లీషు ఓడలు వచ్చిన రోజుల్లోనూ ఒడ్డుకు మైళ్ల దూరంలో లంగరు వేసి, సరుకును చిన్న పడవల్లో దించేవారు. లోతు లేని తీరం ఉప్పెనకు ఎంత అనువైనదో 1864 నవంబరు 1 రాత్రి తెలిసింది. తుపానుతో వచ్చిన ఉప్పెన బందరును ముంచెత్తి సుమారు 30 వేల ప్రాణాలు తీసుకుంది. లోతైన సముద్రంలో గాలి నెట్టిన నీరు కిందికి తిరిగి సర్దుకుంటుంది. లోతు లేని చోట ఆ నీటికి పోవడానికి చోటు లేక ఊరి మీదికి ఎక్కుతుంది.

పోటు నిండాక బోట్లు ఒకదాని వెనుక ఒకటి కదిలాయి. మేము పదకొండు కిలోమీటర్ల దూరంలోని మంగినపూడికి వెళ్లాం. చెప్పులు విప్పగానే తేడా తెలుస్తుంది. ఇసుక బదులు నల్లని మెత్తటి ఒండ్రు, నీటిలోకి చాలా దూరం నడిచినా మోకాలు దాటని లోతు. దక్కను నల్లరేగడి నేలల నుంచి కృష్ణ తెచ్చిన సన్న మన్ను ఇది. పిల్లలు భయం లేకుండా ఆడుకుంటారని కుటుంబాలు ఇక్కడికే వస్తాయి. గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపాను. జారింది గానీ గరుకు తగలలేదు. గరుకైన ఇసుక బరువుకు మొగల దగ్గరే పడిపోతుంది. ఈ సన్న మన్ను నీటిలో తేలుతూ పక్కకు వచ్చి ఇక్కడ నెమ్మదిగా కుదురుకుంటుంది.

అదే తీరంలో 2023లో పనులు మొదలైన కొత్త ఓడరేవు కోసం సముద్రంలోకి బ్రేక్‌వాటర్ కడుతున్నారు. దూరం నుంచి చూశాం. రాళ్ల లారీలు గోడ మీద బారులు తీరి ఉన్నాయి. నాకు ఓడరేవు కావాలి. నాలుగు వందల ఏళ్ల క్రితం ప్రపంచానికి తెలిసిన బందరు, ఇన్ని తరాలు తన పిల్లలను పని కోసం హైదరాబాదు పంపించింది. దానికి రేవు దక్కడం న్యాయం. కానీ ఈ గోడకు ఉత్తరాన ఉన్న పల్లెలు మరో రాయపురం కాకూడదు. గోడ పూర్తికాకముందే అటూ ఇటూ ఒడ్డు ఎంత వెడల్పు ఉందో కొలిచి, ప్రజలకు కనపడేలా పెట్టాలి. ఏటా మళ్లీ కొలవాలి. దక్షిణాన మేట వేసిన ఇసుకను గొట్టాల ద్వారా ఉత్తరానికి దాటించే పనికి డబ్బు రేవు నిర్వహణ ఖర్చులోనే కలిపి ఉండాలి. కోత మొదలయ్యాక రాళ్లు పోయడం మందు కాదు. ఆ రాళ్ల గోడ కింద కెరటం మరింత బలంగా తవ్వుతుంది, గోడ ఆగిన చోట పక్క ఊరి ఒడ్డు కోతకు గురవుతుంది.

ఈ మాటలు చెబుతుంటే బాబాయి అడ్డు చెప్పలేదు. "కట్టడానికి వంద కోట్లు తెస్తారు. పూడిక తీయడానికి అడిగితే ఈ ఏడాది బడ్జెట్ లేదంటారు. నా సర్వీసంతా ఇదే చూశాను" అన్నారు. చీకటి పడేవేళకు చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరాం.

మూడో రోజు: హంసలదీవి

దివిసీమలో తెల్లవారుజామున మంచు కమ్ముకుని ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఒక పాయ తూర్పున హంసలదీవి వైపు, పెద్ద పాయ నాగాయలంక పక్కగా దక్షిణానికి వెళ్లి మళ్లీ చీలి సముద్రంలో కలుస్తుంది. మధ్యలో ఉన్నదే దివిసీమ. కోడూరు దాటాక వరి చేలు పలచబడి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఆపైన సముద్రపు కరకట్ట.

బాబాయి కారు ఆపించి కరకట్ట మీదికి ఎక్కారు. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాతి ఏడాది, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయన ఈ ప్రాంతంలో మస్టరు రాశారు. ఆ రోజు సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లోపలికి వచ్చింది. పదివేలకు పైగా మనుషులు పోయారు. సొర్లగొంది లాంటి పల్లెల్లో మిగిలినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "పనికి వచ్చినవాళ్ల పేర్లు రాస్తుంటే ఇంటి పేరు చెప్పి ఆగిపోయేవారు. ఆ ఇంట్లో ఇక ఎవరూ లేరని అప్పుడు తెలిసేది" అన్నారు. కట్ట మట్టిని చెప్పు మడమతో నొక్కి చూశారు. పక్కన గుర్రపుడెక్క నిండిన మురుగు కాలువ, అవతల మడ అడవి. "కట్ట ఒక్కటే నిలబడలేదమ్మా. ముందు మడ ఉంటేనే కట్టకు బలం."

మడ చెట్ల దగ్గర దిగి చూశాం. తెల్ల మడ చుట్టూ బురదలోంచి వేల సంఖ్యలో శ్వాస వేర్లు నిటారుగా పైకి వచ్చి ఉన్నాయి. పోటు నీరు వాటి మధ్య నుంచి వచ్చేటప్పుడు వేగం చచ్చి, మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే వదిలేస్తుంది. ఇలా నేల అంగుళం అంగుళం పైకి లేస్తుంది. మనం సిమెంటుతో చేయించుకునే పనిని ఈ వేర్లు ఖర్చు లేకుండా చేస్తాయి. పైగా పెరుగుతాయి, తమను తాము బాగుచేసుకుంటాయి. కృష్ణా అభయారణ్యంలోని ఈ మడల్లోనే చేపలు వేటాడే నీటిపిల్లి (బావురుపిల్లి) బతుకుతోంది. దాన్ని చూసే అదృష్టం దక్కలేదు గానీ బురదలో అడుగుల జాడ చూపించి అది నీటిపిల్లిదేనని మాతో వచ్చిన స్థానికుడు చెప్పాడు.

హంసలదీవి వేణుగోపాలస్వామిని దర్శించుకుని పాలకాయతిప్ప వైపు వెళ్లాం. అక్కడినుంచి ఒడ్డు వెంబడి సంగమం దాకా ఇసుకలో ప్రయాణం. ఒక వైపు సముద్రం, మరో వైపు ఏరు, మధ్యలో ఇసుక తిప్ప సన్నబడుతూ సన్నబడుతూ పోయి చివర ఏటి లోపలికి వంగింది. తరగతిలో నేను ఎన్నోసార్లు గీసిన ఆకారం అది. తీరం వెంట సాగే ఇసుక మొగ దగ్గరకు వచ్చేసరికి ఒడ్డు ఒక్కసారి లోపలికి తిరిగిపోతుంది. ఇసుక మాత్రం తిరగదు, వచ్చిన దిక్కులోనే ముందుకు పేరుకుంటుంది. చివరకు పెద్ద కెరటాలు, పోటు దాన్ని లోపలికి వంచుతాయి. తిప్ప వెనుక నీరు నిలకడగా ఉంటుంది, బురద చేరుతుంది, మడ మొలుస్తుంది. గోదావరి మొగ దగ్గర కాకినాడకు అడ్డంగా నిలిచిన హోప్ ఐలాండ్ కూడా ఇలా పుట్టినదే. సుమారు రెండు వందల ఏళ్లలో నది, కెరటాలు కలిసి కట్టిన ఆ పదహారు కిలోమీటర్ల తిప్ప కాకినాడ రేవుకు సహజమైన బ్రేక్‌వాటర్. దానికి ఉత్తరాన ఉప్పాడ ఎలా కోతకు గురవుతోందో ఉభయ గోదావరి జిల్లాలకు తెలుసు. తిప్ప పెరిగినా గోడ పెరిగినా దాని నీడలో పడిన ఊరి సంగతి ఒకటే.

సంచిలోంచి పాత స్పీకరు అయస్కాంతం తీశాను. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఒడ్డు మీద నల్లని చారలున్న చోట ఇసుకలో తిప్పాను. కవరు చుట్టూ నల్లటి రేణువులు వెంట్రుకల్లా నిక్కబొడుచుకున్నాయి. అవి మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. అంటుకోకుండా అడుగున మిగిలిన నల్లటివాటిలో ఎక్కువ ఇల్మనైట్, మధ్యలో ఎర్రగా మెరిసేవి గార్నెట్. మామూలు ఇసుక కన్నా ఇవి బరువు. కెరటం తేలిక ఇసుకను ఎత్తుకుపోయినప్పుడు వీటిని మోయలేక వదిలేస్తుంది. కాబట్టి ఒడ్డున నల్లచార మందంగా కనపడిందంటే ఆ మధ్య సముద్రం అక్కడ కోసిందని అర్థం. అదే చోట చేతితో గుంట తీస్తే నలుపు, తెలుపు పొరలు ఒకదాని మీద ఒకటి కనపడతాయి. ప్రతి నల్ల పొర ఒక కోత, దాని మీది తెల్ల పొర మళ్లీ తిరిగి వచ్చిన ఇసుక. జానెడు లోతులో అలాంటి పొరలు ఐదారు ఉన్నాయి. బాబాయి మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశారు.

ఈ ఇసుక కోసమే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడికి వస్తాయి. శీతాకాలం చివర రాత్రిపూట ఒడ్డెక్కి, అల అందని ఎత్తులో గుంట తీసి గుడ్లు పెట్టి పోతాయి. అటవీ శాఖ వాటిని సేకరించి కంచె లోపల పొదిగిస్తోంది. రాళ్ల గోడ కట్టిన తీరాన్ని తాబేలు ఎక్కలేదు. కోతకు నిటారుగా తెగిన ఒడ్డునూ ఎక్కలేదు. దానికి నెమ్మదిగా లేచే ఇసుక వాలు కావాలి.

ఎండ ముదిరాక వెనుదిరిగాం. పులిగడ్డ-పెనుమూడి వంతెన మీదుగా కృష్ణ దాటి రేపల్లెలో బస.

నాలుగో రోజు: నిజాంపట్నం, సూర్యలంక

నిజాంపట్నంలో ఎక్కువసేపు ఆగలేదు. 1611లో ఇంగ్లీషువారు పెటపోలి అని పిలుస్తూ అడుగుపెట్టిన రేవు, ఈనాడు ఏటిలో చేపల బోట్ల రేవు. ఇక్కడా మొగ బాధే. కృష్ణా మొగల దగ్గర భూమి సముద్రంలోకి పొడుచుకు వెళ్లి, దాని పడమర పక్కన ఈ అఖాతం లోపలికి వంగి ఉంది. అలల దెబ్బ తక్కువ, ఒండ్రు ఎక్కువ.

అసలు చూడవలసింది రేపల్లె నుంచి బాపట్ల వచ్చే దారి. వరి చేల మధ్య పోతున్న రోడ్డు ఉన్నట్టుండి కాస్త పైకి లేస్తుంది. నేల రంగు మారుతుంది. తాటిచెట్లు, జీడిమామిడి, సరుగుడు తోటలు, వేరుశనగ చేలు కనపడతాయి. ఊరు కూడా అక్కడే ఉంటుంది. కొంత దూరం పోయాక రోడ్డు దిగి మళ్లీ వరి. ఇలా ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఆ ఎత్తులన్నీ ఒకనాటి సముద్రపు ఒడ్లు. సుమారు ఆరు వేల ఏళ్ల క్రితం సముద్ర మట్టం ఇంచుమించు ఇప్పటి స్థాయికి వచ్చి కుదురుకున్నాక, నది ఒండ్రు తెచ్చినప్పుడల్లా తీరం ముందుకు జరిగి, ఆగిన ప్రతిచోటా కెరటాలు ఒక ఇసుక దిబ్బను పోశాయి. మన పెద్దలు వరద అందని ఎత్తు, తవ్వితే తియ్యటి నీరు చూసుకుని ఆ దిబ్బల మీదే ఊళ్లు కట్టుకున్నారు. ఇసుకలో పడిన వాన నీరు ఉప్పునీటి మీద తేలి నిలబడుతుంది. దిబ్బను తవ్వేసి ఇసుక అమ్ముకున్న చోట బావి ఉప్పబడుతుంది.

మధ్యాహ్నం దాటాక సూర్యలంక చేరాం. ఇక్కడ సముద్రంలోకి ఏ గోడా లేదు. అందుకే ఒడ్డు తన మానాన తాను ఎలా ఉంటుందో చూడటానికి గుంటూరు, విజయవాడ వాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. ఎండిన సరుగుడు కాయను నీటి అంచులో వేసి దాని వెంట నడిచాను. ఎక్కుతూ దిగుతూ అది చీరాల వైపు జరగసాగింది. వల సర్దుకుంటున్న పెద్దాయన చూసి, "ఇప్పుడు అటే పోతుందమ్మా, ఇంకా తూర్పు గాలి పోలేదు. ఆషాఢంలో వచ్చి వెయ్యి, నిజాంపట్నం వైపు పరుగెడుతుంది" అన్నాడు. ఒక్కరోజు చూసి తీరం గురించి తీర్పు చెప్పకూడదని నేను పిల్లలకు చెప్పే మాటకు ఆయన ఒక్క వాక్యంలో రుజువు ఇచ్చాడు.

ఒడ్డు వెనుక ఇసుక దిబ్బ మీద బాలబంది తీగ పాకి ఉంది. ఊదారంగు పూలు, మందపాటి ఆకులు. తీగను కొంచెం పక్కకు తీస్తే ప్రతి కణుపు దగ్గరా వేరు ఇసుకలోకి దిగి ఉంది. గాలికి ఎగిరే ఇసుకను ఇదే పట్టి ఆపుతుంది. తుపాను వచ్చినప్పుడు కెరటాలు ఈ దిబ్బను కోసి ఆ ఇసుకను నీటిలోకి లాక్కుపోయి కాస్త దూరంలో మేట వేస్తాయి. ఆ మేట మీద తరువాతి కెరటాలు ముందే విరిగిపోయి ఒడ్డుకు దెబ్బ తగ్గుతుంది. గాలి సద్దుమణిగాక చిన్న కెరటాలు ఆ ఇసుకను మెల్లగా తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. దిబ్బ అంటే తీరం ఆపదకు దాచుకున్న నిల్వ. గదులు కట్టడానికి, కార్లు నిలపడానికి దాన్ని చదును చేసిన చోట తుపాను తరువాత తిరిగి రావడానికి ఏమీ ఉండదు. పర్యాటకం పెరగాలి, బాపట్ల కుర్రాళ్లకు పని దొరకాలి. కట్టేది దిబ్బకు వెనుక కట్టాలి, మనుషులు దిబ్బను తొక్కకుండా చెక్క వంతెన మీదుగా నీటి దగ్గరికి వెళ్లాలి.

గోడ తప్పనిసరైతే ఏమి చేయాలని బాబాయి అడిగారు. పుదుచ్చేరి ఉదాహరణ చెప్పాను. 1980లలో కట్టిన హార్బరు గోడల వల్ల ఉత్తరాన ఒడ్డు పోయి, ఊరి ముందు రాళ్లు మాత్రం మిగిలాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు 2018-19లో నీటి అడుగున ఉక్కు రీఫ్ దించి, హార్బరు దగ్గరి ఇసుకను తోడి పోశాక, రాళ్లున్న చోట మళ్లీ ఇసుక ఒడ్డు వచ్చింది. కెరటాన్ని పూర్తిగా ఆపకుండా బలం తగ్గించి, ఇసుకను దాని దారిన పోనిచ్చే పద్ధతి అది. "అయితే ఇసుక పోయడమూ ఉందన్నమాట. ఖర్చు ఏటా ఉంటుంది" అన్నారాయన. అవును, ఉంటుంది. కాలువకు పూడికతీత ఎలాగో తీరానికి ఇదీ అంతే.

ఆ సాయంత్రం సూర్యలంకలో కొలత మొదలుపెట్టాం. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. మీటరున్నర పొడవున్న రెండు కర్రలు, వాటి మీద సెంటీమీటర్ల గుర్తులు, మధ్యలో కొలిచిన తాడు చాలు. దిబ్బ వెనుక కదలని గుర్తు ఒకటి ఎంచుకోవాలి, మేము ఒక దీపస్తంభం అడుగును ఎంచుకున్నాం. అక్కడినుంచి సముద్రం వైపు తాడు చాచి, ముందు కర్ర కొసను సముద్రం అంచున కనపడే దిగంతపు గీతతో కలిపి వెనుక కర్ర మీద చూస్తే ఆ రెండు చోట్ల మధ్య వాలు ఎంతో సెంటీమీటర్లలో తెలిసిపోతుంది. అలా నీటి అంచు దాకా జరుపుకుంటూ పోవాలి. 1961లో ఎమెరీ అనే శాస్త్రవేత్త వివరించిన పద్ధతి ఇది, హైస్కూలు పిల్లలు గంటలో నేర్చుకుంటారు. బాబాయి వెనుక కర్ర పట్టుకున్నారు, అంకెలు నోటుపుస్తకంలో నేను రాశాను. పుష్యంలో ఒకసారి, ఆషాఢంలో ఒకసారి, పెద్ద తుపాను వెళ్లిన వారంలో ఒకసారి అదే స్తంభం నుంచి అదే దిక్కులో మా పిల్లలతో కొలిపిస్తాను. మంగినపూడిలో, వాడరేవులో, హంసలదీవిలో ఏ ఉపాధ్యాయులైనా ఇదే పని మొదలుపెడితే, కొత్త రేవు గోడ పూర్తయ్యే నాటికి ఎవరి ఒడ్డు ఎంత పెరిగిందో ఎవరిది ఎంత తగ్గిందో మన దగ్గరే లెక్క ఉంటుంది. స్తంభం ఫోటో, కొలిచిన తేదీ, ఆ పూట పోటా పాటా అన్నది తప్పక రాసుకోవాలి. అవి లేకపోతే రెండు కొలతలను పోల్చడం కుదరదు.